మా నర్సత్త వండిన చింతచిగురు కూర

మాకు ఊహ తెలిసేనాటికి ఆదివారం పొద్దెక్కిందంటే చాలు... మా వీధి ఆడవాళ్లంతా చేతిలో పని వదిలేసి మావ ఇంట్లో చేరేవారు. టీవీలో మా మావ వచ్చే రోజు అది.

తవిటినాయుడు మావ మా అమ్మకి అన్న. కోటబొమ్మాళిలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే వీధి. విశాఖపట్నంలో ఓ పెద్ద హోటల్లో వంటమాస్టరుగా చేసేవాడు. ఒకసారి టీవీ వాళ్లు అక్కడికి వంటల కార్యక్రమం తీయడానికి వచ్చారట. మావ కూర కలుపుతూ చెప్పిన కబుర్లు వాళ్లకి తెగ నచ్చేశాయి. "మీరు వండొద్దు మాస్టారూ, ఊళ్లు తిరిగి తినండి... తింటూ ఇలాగే మాట్లాడండి" అన్నారట. అలా గరిటె వదిలి మైకు పట్టుకున్నాడు.

నౌపడ ఉప్పుమడుల గట్టు మీద కూలీలతో కలిసి గంజన్నం తాగేవాడు. పాతపట్నం అవతల ఒడియా వాళ్లింట్లో చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకునేవాడు. ఎక్కడికెళ్లినా కుర్చీ వద్దని నేల మీదే కూర్చునేవాడు...

మావకి గట్టి అభిప్రాయాలు ఉండేవి. పెద్ద హోటళ్లలో సగం వంట, సగం ముస్తాబు అనేవాడు. "ఆకలికి ముస్తాబేటిరా?" అని నవ్వేవాడు. ఒక ఊరి సంగతి తెలియాలంటే బస్టాండు పక్కన టిఫిను బండి దగ్గర నిలబడాలట. పేదవాళ్లింట్లో పెట్టింది కాదనడమంత పాపం ఇంకొకటి లేదట. మేమంతా నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం.

మావ భార్య మా నర్సత్త. వాళ్లకి పిల్లల్లేరు. అందుకే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని టీవీకి బాగా దగ్గరగా కూర్చునేది.

"సూడే, ఎంత సిక్కిపోనాడో... ఆలింట్లో అడిగి మరీ ఏయించుకుంతన్నాడు. మనింట్లో ఎప్పుడైనా అడిగాడేటి?" అని నవ్వేది.

నవ్వుతూనే అనేది గానీ, అది నిజమే. మావ ఎప్పుడో నెలకోసారి వచ్చేవాడు. ప్రయాణాల అలసట... మాటా పలుకూ లేకుండా తినేసి పడుకునేవాడు. ఊరూరా వంటల్ని మెచ్చుకునే మనిషి, అత్త వంట బాగుందనగా నేనెప్పుడూ వినలేదు.

ఒక ఏడాది చింతలు చిగురేసే రోజుల్లో మావ ఫోన్ చేశాడు. ఈసారి మన ఊళ్లోనే తీస్తారట, అత్త చేతి చింతచిగురు, ఎండురొయ్యల కూరే చూపిస్తారట! అత్త కాలు నేల మీద నిలవలేదు. గోడలకి సున్నం కొట్టించింది. పెట్టె అడుగునున్న పచ్చ చీర తీసి కట్టుకుంది.

"ఓలమ్మా, కెమెరా ముందర నానేటి మాటాడతానే!" అంటూనే, తెల్లారేసరికి కూర వండేసింది.

టీవీ వాళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దాయన డాబా ఇల్లూ, గ్యాసు పొయ్యీ చూసి పెదవి విరిచాడు. "ఇది పల్లెటూరిలా లేదు సార్" అన్నాడు. వెనక వీధిలో గౌరి అనే కొత్త కోడలి పూరిల్లు వాళ్ల కంటబడింది. మట్టిపొయ్యి ఉంది, అమ్మాయి చూడముచ్చటగా ఉంది. కూర అక్కడికి పట్టుకెళ్దాం, ఆ అమ్మాయే వండినట్టు వడ్డిస్తుంది అన్నారు.

అత్త మావ వైపు చూసింది. మావ నేల చూపులు చూస్తూ, "ఒక్క పూటే కదే... ఆలు సెప్పినట్టు సేసేద్దుము" అన్నాడు.

అత్త కొంగుతో గిన్నె అంచు తుడిచి, వాళ్ల చేతికి ఇచ్చేసింది.

వాళ్ల వెనకాలే నేనూ వెళ్లాను. చల్లారిన కూరని మట్టిపొయ్యి మీద పెట్టి, పచ్చి పుల్లలతో పొగ రేపారు. గౌరి తల వంచుకుని వడ్డించింది. మావ ఓ ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. "తల్లీ... ఇన్ని ఊళ్లు తిరిగాను, ఇంత కమ్మని కూర ఎక్కడా తినలేదమ్మా" అన్నాడు. అది నటన కాదు. ఆయన గొంతు నాకు తెలుసు.

ఆ ఆదివారం టీవీలో అది వస్తుంటే మా వీధి ఆడవాళ్లంతా అత్త మొహం వైపే చూశారు. అయిపోయాక అత్తే అంది, "పోన్లెండే... కూర బాగుందన్నాడు గదా."

లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మావ ఇంటికొచ్చినప్పుడల్లా అన్నీ వండేది. కంచం ముందు గిన్నెలన్నీ పెట్టి, వీధి అరుగు మీదకి వచ్చి కూర్చునేది. పక్కన నిలబడి వడ్డించడం మానేసింది.

కొన్నేళ్లకి అత్తకి జ్వరం పట్టుకుని వదల్లేదు. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చాం. మావ అప్పుడు ఎక్కడో కేరళలో షూటింగులో ఉన్నాడు. పరుగు పరుగున వచ్చేసరికి అత్త లేదు.

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు మావ తానే చింతచిగురు కోసుకొచ్చి ఆ కూర వండాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకి నెట్టేశాడు. "దాని సెయ్యి నాకు రాదే" అని మా అమ్మతో అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "రోజూ ఎవులికో సెప్పీవోణ్ణి... దానికి ఒక్కపాలి సెప్పలేకపోనాను."

మళ్లీ టీవీ వైపు వెళ్లలేదు. ఎవరొచ్చి పిలిచినా తల అడ్డంగా ఊపేవాడు. నిరుడు ఆయనా పోయాడు...

మొన్న ఆ పాత కార్యక్రమాన్ని ఎవరో ఫోన్లలో పెట్టారు. కింద బోలెడు మెచ్చుకోళ్లు... "ఆ అక్క చేతిలో ఏం మహిమ ఉందో!" అని. పాపం, గౌరిదేం తప్పు లేదు. అయినా ఉండబట్టలేక నేనూ ఒక మాట రాశాను. "ఆ కూర వండింది మా అత్త. ఆమె పేరు అప్పలనరసమ్మ."

ఇప్పుడు ముద్ద నోట్లోకి వెళ్లకముందే అందరం ఫోటోలు తీసుకుంటున్నాం. వండిన మనిషి మాత్రం ఏ ఫోటోలోనూ ఉండట్లేదు...

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వంట పేరు తర్వాత... ముందు ఆ మనిషి పేరు రాయండి.