రోలు మీద కెమెరా

అప్పుడు నాకు ఏడో నెల. అవనిగడ్డకు మూడు మైళ్ళలో మా అత్తవారి ఊరు. ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణపు పట్టుతోనే ఉదయిస్తాడని పంచాంగంలో ఉంది. మధ్యాహ్నానికే అత్తగారు ఆవకాయ జాడీ మీద దర్భలు వేసి, నన్ను చీకటిగదిలో చాప మీద పడుకోబెట్టారు. కదలకూడదు, గోక్కోకూడదు. కడుపుతో ఉన్నది గ్రహణం చూస్తే బిడ్డ మొర్రితో పుడుతుందని ఆవిడ భయం.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మా ఆయన బందరులో ఫోటో స్టూడియోలో పనిచేసేవారు. వచ్చినప్పుడల్లా నాకు పెట్టె కెమెరా వాడటం నేర్పేవారు. ఈ గ్రహణం నేనే తీస్తానని ఆయనకు మాట ఇచ్చేశాను. అత్తగారు పెరట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడుతూ ఉండగా లేచి వచ్చేశాను. చెయ్యి కదిలితే బొమ్మ చెదురుతుందని రోలు మీద పీట వేసి దానిమీద కెమెరా పెట్టాను.

"ఓసి నీ దుంపతెగ! లోపలికి పదవే!" అని అరిచారు అత్తగారు.

"వెళ్ళనత్తయ్యా. మీ రోకలి నిలబడ్డంతసేపూ నేనూ నిలబడతాను."

వరిచేల మీద సగం తిన్న అట్టులా చంద్రుడు లేచాడు. రీలులో ఉన్న ఎనిమిది ఫోటోలూ తీసేశాను. ఎంత బాగున్నాడో!

పాప మొర్రితోనే పుట్టింది.

ఊరు ఊరంతా వచ్చి చూసి నన్ను ఆడిపోసుకుంది. అత్తగారు మాత్రం ఏడ్చారు. తిట్టినా బాగుండేది. ఒప్పుకుంటాను, ఆ రోజుల్లో నేనూ నమ్మాను. పాలు కుడవలేక పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే కెమెరా కాలవలో పారేద్దామనుకున్నాను.

పెదవి కుట్టించడానికి బందరు తీసుకెళ్ళాం. "గ్రహణం చూసిందండీ," అని అత్తగారే డాక్టరమ్మతో చెప్పారు.

"ఎన్నో నెలలో?"

"ఏడో నెలండీ."

"పెదవి మూడో నెల లోపే కలుస్తుందండీ. ఈ పిల్లకి అప్పటికే కలవలేదు. మధ్యలో చంద్రుడేం చేశాడు?"

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇంటికి రాగానే ఆ ఫోటోల్లో ఒకటి పటం కట్టించి వీధి వసారాలో తగిలించాను. నల్లటి కాగితం మీద ఆవగింజంత తెల్లచుక్క, అంతే. వచ్చినవాళ్ళు పాప పెదవి మీది కుట్టు చూసి, ఆ పటం చూసి గుసగుసలాడేవారు. ఆడుకోనీ అనుకున్నాను.

రెండోసారి నెల తప్పాక మళ్ళీ గ్రహణం వచ్చింది. అత్తగారు దర్భలు వేశారు, రోకలి నిలబెట్టారు. చాప మాత్రం పరవలేదు. పాపను చంకనెత్తుకుని నా పక్కకు వచ్చారు.

"ఈసారి రెండో నెలేనే," అన్నారు మెల్లగా.

"అవునత్తయ్యా."

లోపల్నుంచి పీట తెచ్చి రోలు మీద తనే వేశారు.

బాబు పుట్టినప్పుడు అందరూ వంగి వంగి వాడి పెదవే చూశారు. బాగానే ఉంది. బాగాలేకపోయినా నేను ఆ పటం దించేదాన్ని కాదు.