పప్పు పెట్టె

నిన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఒకావిడ పొయ్యి మీంచి గిన్నె దించి, దానికి రెండు దుప్పట్లు చుట్టి, గ్యాస్ ఆదా చేసే అద్భుతమైన చిట్కా అంటూ ఊరించి ఊరించి చెబుతోంది. "నానమ్మా, ఇది నీకు తెలుసా?" అంది పిల్ల. తెలియకేం! బన్సీలాల్‌పేటలో మా పెద్దమ్మ ఈ పని చేసేనాటికి ఆ వీడియో ఆవిడ వాళ్లమ్మ కూడా పుట్టి ఉండదు. పైగా మా పెద్దమ్మ ఆ చిట్కాతో పప్పు ఉడికించి ఊరుకోలేదు. ఆ మిగతా సంగతి ఏ వీడియోలోనూ లేదు.

చదువు కోసం నన్ను సికింద్రాబాదులో పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. ఆ ఇంట్లో పారేయడం అనే మాటే లేదు. తెగిన చెప్పు తోలు గుండ్రంగా కోస్తే పంపు స్టవ్వుకు వాషరు. చిరిగిన గొడుగు గుడ్డ బియ్యం డబ్బాకు మూత. పగిలిన జాడీకి సున్నమూ బెల్లమూ కలిపి నూరి అతికేది, అందులో చింతపండు దాచేది. కిర్రుమనే తలుపుకు ఆముదం, బిగుసుకున్న సొరుగుకు కొవ్వొత్తి ముక్క. మా పెద్దనాన్న గురక ఒక్కదానికే ఆమె దగ్గర మందు లేకపోయింది. ఇంతటి పనిమంతురాలికి మడి పట్టింపు కూడా అంతే ఎక్కువ. ఆమె మడి కట్టుకుంటే మేమంతా గోడలకు అతుక్కుని నడిచేవాళ్లం.

నలభై ఎనిమిదో యేడు బొగ్గులు దొరకడం గగనమైపోయింది. నిజాం సర్కారు ఉంటుందా పోతుందా అని అందరూ గుసగుసలాడుతుంటే, పెద్దమ్మ మాత్రం పప్పు ఎట్లా ఉడకాలని ఆలోచించింది. చాయ్‌పత్తి వచ్చే చెక్క పెట్టె ఒకటి సంపాదించి, దాన్నిండా వరిపొట్టు కూరి, మధ్యలో గిన్నె పట్టేంత గుంట చేసింది. పప్పు ఒక్క పొంగు రాగానే దించి ఆ గుంటలో పెట్టి, పైన బూరుగు దూది దిండు కప్పి మూత వేసేది. పెద్దనాన్న రైల్వే ఆఫీసు నుంచి వచ్చేసరికి పప్పు వెన్నలా ఉడికి ఉండేది. "పప్పుకు పరుపేసి పండబెట్టినవ్, నాకేమో చాపనే" అని ఆయన ఎకసెక్కం. ఆ పెట్టె కూడా మడిదే. ఉడికిందో లేదో చూద్దామని ఒకసారి ఆయన మూత ఎత్తినందుకు ఇల్లంతా ఆ పూట మజ్జిగన్నంతో సరిపెట్టుకుంది.

మా పెరటి గోడ అవతల ఒక ముస్లిం దర్జీ కుటుంబం ఉండేది. దర్జీ తల్లిని మేం పిల్లలం ఖాలా, అంటే పిన్నమ్మ, అనేవాళ్లం. ఆమె ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేది. ఆ యేడు రెండిళ్లూ భయపడ్డాయి, కాకపోతే వంతులవారీగా. ఎండాకాలంలో రజాకార్ల భయంతో మేం తలుపులు బిడాయించుకున్నాం. వానాకాలం చివర్లో, ఇండియా ఫౌజు ఊళ్లోకి వస్తోందని తెలిశాక, వాళ్లు బిడాయించుకున్నారు. పోలీసు యాక్షన్ అన్న పేరు మాకు తరవాత తెలిసింది. పెళ్లిబట్టలు కుట్టడానికి బీదరు వెళ్లిన దర్జీ, రైళ్లు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో ఖాలా, ఇంకా ఏడో నెల నిండని గర్భంతో కోడలు. వీధిలో పిట్ట కూడా తిరగని ఆ పొద్దుటిపూట కోడలికి నొప్పులు మొదలయ్యాయి.

పక్క సందులోని మంత్రసాని ఎట్లాగో వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఖాలా గోడ దగ్గరికి వచ్చి ఏడుస్తూ పిలిచింది. "అక్కా, పిల్ల గుప్పెడంత ఉన్నది. ఒళ్లు సల్లబడుతున్నది. ఇది నిల్వదని మంత్రసాని అంటున్నది."

పెద్దమ్మ మడిచీరలోనే ఉంది. ఒక్క క్షణం పొయ్యి వైపు చూసింది. తరవాత పెట్టెలోంచి పప్పుగిన్నె తీసి నేల మీద పెట్టేసి, పెట్టె ఎత్తుకుని పెరటి దోవన ఖాలా ఇంటికి నడిచింది. ఆఫీసు మూతపడి ఇంట్లోనే ఉన్న పెద్దనాన్నా, నేనూ వెనకే వెళ్లాం. "ఏడ్వకు చెల్లె. మిషన్ మీద సంచులు కుట్టు. పొట్టు బిడ్డ ముక్కులకు పోవద్దు" అంది. ఖాలా కన్నీళ్లు తుడుచుకుని, పాత ధోవతులు చింపి గలగలా సంచులు కుట్టింది. పెద్దమ్మ వాటిలో పొట్టు నింపి పెట్టె లోపల నాలుగు వైపులా పేర్చింది. వేడినీళ్లు పోయడానికి సీసాలు కావాలి. మా ఆచారపుటింట్లో సీసాలెక్కడివి? "అల్మార ఎనుక ఉన్నయ్ గద, పట్టుకరా" అంది పెద్దనాన్నతో, తల ఎత్తకుండా. ఆ అల్మార వెనక కంటోన్మెంటు బ్రాందీ సీసాలున్నాయన్న సంగతి ఇన్నేళ్లూ తనొక్కడికే తెలుసనుకున్న మనిషి, వెళ్లి తెచ్చాడు. నా జన్మలో ఆయన అంత బుద్ధిగా నడవడం చూడలేదు.

సీసాలకు గుడ్డ చుట్టి, సంచుల మధ్య దూర్చి, నడుమ దూది పరిచి, పిల్లను పడుకోబెట్టారు. అలవాటు కొద్దీ పెద్దమ్మ దిండు కప్పి మూత వేసేసింది. వేసిన మరుక్షణం మూత లాగి పారేసి, "పప్పుకు గాలొద్దు, బిడ్డకు గాలి గావాలె! ఏం పని జేస్తి దేవుడా" అని నెత్తి కొట్టుకుంది.  పెద్దనాన్న రంపం తెచ్చి మూతలో సగం కోసేశాడు.

ఆ తరవాత పెద్దమ్మ గోడకు ఇటు రావడమే తగ్గింది. మోచెయ్యి లోపల పెట్టి వేడి చూసుకునేది, చల్లారిన సీసా తీసి వేడిది పెట్టేది. తల్లి పాలు దూది వత్తితో చుక్క చుక్కగా పెదవుల మీద పిండేవాళ్లు. ఖాలా నమాజుకు లేస్తే పెద్దమ్మ చూసేది, పెద్దమ్మ స్నానానికి లేస్తే ఖాలా చూసేది. నన్ను ఒక్కసారి చూడనిచ్చారు. ఆ పక్కటెముకల కింద గుండె కొట్టుకోవడం బయటికి కనిపిస్తోంది. వంటింటి పొట్టూ, పాత ధోవతులూ, దాచుకున్న సీసాలూ కలిసి ఒక ప్రాణాన్ని పట్టి ఉంచాయి. అంతకంటే పెద్ద ఆశ్చర్యం నేను తరవాత ఎక్కడా చూడలేదు.

పిల్లికూనలా మూలిగే ఆ పిల్ల ఒక ఉదయం గోడ ఇవతలికి వినిపించేంత గట్టిగా ఏడ్చింది. పెద్దనాన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచి నిలబడ్డాడు. రైళ్లు నడిచి దర్జీ ఇల్లు చేరేసరికి పిల్లకు బుగ్గలు వచ్చాయి.

పెట్టె కడిగి, ఎండబెట్టి ఖాలా తానే మోసుకొచ్చింది. గడప బయటే ఆగిపోయి, "పురిటి పెట్టె అక్కా, ఇంక నీ మడికి పనికిరాదు గద. పొయ్యిల పెట్టుకో" అంది. పెద్దమ్మ పెట్టె అందుకుని నేరుగా వంటింట్లోకి తీసుకుపోయింది. మడిచీర కట్టుకుని, కొత్త పొట్టు పోసి, పొంగు వచ్చిన పప్పు అందులో పెట్టింది. "ఎందుకు పనికిరాదు? లోపలికి రా, తినిపోదువుగాని" అంది. సగం కోసిన మూత వల్ల ఆ రోజు పప్పు సగమే ఉడికింది. అయినా పెద్దనాన్న రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

ఆ పిల్ల పెరిగి, పెళ్లాడి, పిల్లల్ని కని, మనవల పెళ్లిళ్లు కూడా చేసింది. అంత పెద్ద బతుకు ఆ చెక్కపెట్టెలో ముడుచుకుని పడుకుని ఉందని, మూత కోస్తున్న ఆ పూట మాలో ఎవరికి తెలుసు!