ఆ రోజు నీళ్లు తేటగానే ఉన్నాయి

గాజు తుడిచే నీలం మందు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. మొన్న ఆదివారం కాకినాడలో మా ఇంట్లో మావారు కిటికీ అద్దాలు తుడిచిన ఊపులో, అదే సీసా పట్టుకుని అక్వేరియం వైపు తిరిగి పిచికారీ కొట్టబోయారు. "ఆపండి!" అని వంటింట్లోంచి నేను పెట్టిన కేకకి పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీసి చూశారు. అక్వేరియం బయటి అద్దానికి అసలు మందే అక్కర్లేదు. మూత వేసి, ఫ్యాను ఆపి, మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తడి తీసేస్తే సరిపోతుంది. ఏదైనా మందు అద్దం మీద కొడితే ఆ తుంపర గాలికి లేచి నీళ్లలో పడుతుంది. ఈ సంగతంతా కిందటి నెలలో మాకు చేపలమ్మిన కొట్టాయన రెండు నిమిషాల్లో చెప్పాడు. "పొరపాటున కొడితే ఏమవుతుందండీ?" అని మాటవరసకి అడిగాను. "పైకొచ్చి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటాయండి. పూట తిరక్కుండా పోతాయి" అన్నాడు. ఆ మాట ఆయన చేత ఇంకోసారి చెప్పించుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు భీమవరం దగ్గర మా ఊళ్లో, మా ఉమ్మడి ఇంటి హాల్లో అక్వేరియం ఉండేది. రొయ్యల చెరువులు చేసే మా పెద్దనాన్నగారు ముచ్చటపడి కొన్నారు దాన్ని. వేసవి సెలవుల్లో మేడ మీద చాపల నిండా పరిచిన మామిడి తాండ్ర మీద ఎండ పడి తియ్యటి పుల్లటి వాసన మెట్ల మీదుగా ఇల్లంతా దిగుతుంటే, పెరట్లో పిల్లలు తొక్కుడుబిళ్ల గళ్లు గీసుకుని కొట్లాడుకుంటుంటే, తాటిముంజలవాడు వీధిలో కేకేస్తుంటే, నేను మాత్రం ఆ చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని ఆరు చేపల్నీ చూస్తూ ఉండిపోయేదాన్ని. పొద్దున్నే చిటికెడు మేత వెయ్యడం నా పని. మధ్యాహ్నం పెద్దవాళ్లందరి విస్తళ్లలో నెయ్యి వెయ్యడం కూడా నా పనే. ఈ రెండు పనులూ నాకు అప్పగించింది మా మామ్మ, పెద్దనాన్నగారి అమ్మ. మగపిల్లలు ఎంత అడిగినా ఇవ్వలేదని నాకు మహా గర్వంగా ఉండేది.

నీళ్ల విషయంలో పెద్దనాన్నగారిని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరని పేరు. పక్క వరిచేలో ఎవరైనా పురుగుమందు కొడితే ఆయన పంచె ఎగ్గట్టి గట్టు మీద పరిగెత్తుకెళ్లి, "గాలి ఇటు కొడుతోంది, కనబడట్లేదాండీ మీకు?" అని ఊరంతా వినబడేలా తగవుపడేవారు. ఎంత కోపమొచ్చినా 'అండీ' మాత్రం వదిలేవారు కాదు. చెరువులోంచి మేత పళ్లెం పైకి లాగి, అందులో ఎంత మిగిలిందో చూసి, రొయ్య తింటోందో లేదో అక్కడికక్కడే చెప్పేవారు. నేను ఆయన వెనకాలే గట్ల మీద తిరుగుతూ, ఆయనకి తెలియనిది ఉండదనుకునేదాన్ని.

ఆ రోజు రొయ్యలు కొనే కంపెనీవాళ్లు భోజనానికి వస్తున్నారు. తెల్లవారినప్పటి నుంచీ పొయ్యి మీద కొరమేను పులుసు ఉడుకుతోంది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టిన ఘాటు వీధి గుమ్మం దాకా వస్తోంది. పెద్దనాన్నగారు కారు అద్దాలకని తెచ్చుకున్న నీలం మందు తీసుకొచ్చి, పైన ఫ్యాను గిర్రున తిరుగుతుండగా, మూత తీసి ఉన్న అక్వేరియానికి నాలుగు వైపులా బాగా కొట్టి, కాగితంతో తళతళలాడేలా తుడిచారు. పక్కనే నిలబడి మురిసిపోతూ చూశాను నేను. కంపెనీవాళ్ల విస్తళ్లు లేచేసరికి ఆరు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కాఫీల వేళకి వెల్లకిలా తేలాయి.

"ఇదేంటండీ, మీ ఇంట్లోనే చేపలు ఇలా పోయాయి?" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకాయన, నవ్వుతూ.

పెద్దనాన్నగారు లైటు వేసి, వంగి నీళ్లలోకి చాలాసేపు చూశారు. లేచి నా వైపు చెయ్యి చూపించారు. "ఈ పిల్లండీ. మేత ఎక్కువేసేసింది."

లేదండీ, చిటికెడే వేశానండీ అని ఏడ్చాను. ఎవరు విన్నారు? అమ్మ బావగారికి ఎదురు చెప్పలేక తల వంచుకుంది. మర్నాడు విస్తళ్ల దగ్గర మామ్మ నా చేతిలోంచి నెయ్యి గిన్నె మెల్లగా తీసుకుని, "నీకు అంచనా తెలీదే తల్లీ" అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. అప్పటి నుంచి ప్రతి పెళ్లిలోనూ, ప్రతి వ్రతంలోనూ నన్ను చూడగానే ఎవరో ఒకరు "దాని చేతికి గరిటె ఇవ్వకండర్రా" అనడం, అందరూ పగలబడి నవ్వడం. నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాను? ఇప్పటికీ నా పిల్లలకి కూర వడ్డించాలంటే చెయ్యి వెనకాడుతుంది. వాళ్లు రెండేసి సార్లు అడిగి వేయించుకుంటారు.

కొట్టాయన మాట విన్నాక ఇంటికొచ్చి ఆలోచించాను. మేత ఎక్కువైతే నీళ్లు మురగాలి, అడుగున మేత మిగలాలి. ఆ రోజు నీళ్లు తేటగానే ఉన్నాయి. అడుగున రంగురంగుల గులకరాళ్లు తప్ప ఏమీ లేవు. తొమ్మిదేళ్ల పిల్లకి తెలియకపోవచ్చు. మేత పళ్లెం చూసి చెరువు సంగతంతా చెప్పే మనిషికి తెలియదా?

నెల రోజులు లోపలే కుతకుతలాడాను. మొన్న ఆ సీసా మావారి చేతిలో చూశాక ఇక ఆగలేక పెద్దనాన్నగారికి ఫోన్ చేశాను. ఎనభై దాటినా మాట ఖణేల్‌మంటుంది ఆయనది. అంతా విన్నారు.

"తెలుసమ్మా. వంగి చూశాను కదా, అప్పుడే తెలిసింది."

"మరి నా పేరెందుకు చెప్పారండీ?"

"కంపెనీవాళ్లు కూర్చుని ఉన్నారమ్మా. చెరువులు చేసేవాడు మందు కొట్టి చంపుకున్నాడంటే నా పరువేం కావాలి? చిన్నపిల్లవి, నాల్రోజుల్లో మర్చిపోతావనుకున్నాను."

చిన్నపిల్లకి పరువుండదా? ఆ మాటే అడిగాను. అందరి ముందూ అన్నారు కాబట్టి అందరి ముందూ నేను కాదని చెప్పమన్నాను.

"ఇప్పుడెవరున్నారమ్మా చెప్పడానికి?" అన్నారు.

నిజమే. ఆ ఇల్లు పడగొట్టి ఐసు ఫ్యాక్టరీ కట్టారు. వరసగా విస్తళ్లు వేసుకుని కూర్చునే భోజనాలు లేవు, నన్ను చూసి నవ్విన అత్తయ్యలు లేరు, అమ్మ లేదు. మామ్మ పోయి పదిహేనేళ్లయింది. ఆ చేపల్ని నేనే చంపాననుకుంటూ పోయింది.

"మామ్మకి చెప్పండి" అన్నాను.