కప్పులు కడిగిన మా అత్త

పోయిన నెల ఒక ఉదయం బంగారుపాళ్యం నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయిందని పక్కింటావిడ చెప్పింది. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, వసారాలో కూర్చుని మళ్లీ లేవలేదట. సుఖమైన చావు అని అందరూ అన్నారు. నాకు మాత్రం ముందు ఏడుపు రాలేదు. ఆమెకు అన్యాయం చేసిన మనిషి ఇంకా చిత్తూరులో నిక్షేపంగా తిరుగుతున్నాడు కదా అని మండింది. పోయినవాళ్లను తలుచుకుంటూ ఇలాంటి మాట రాయకూడదేమో. కానీ పైపై మాటలు రాస్తే అత్తకు నచ్చదు. "నాలిక్కి మొగమాటం ఉండకూడదు పాపా" అనేది ఆమె.

ఆమె మా నాయనకు అక్క. మామ నీలగిరుల్లో కూనూరు దగ్గర ఒక టీ ఫ్యాక్టరీలో లారీ తోలేవాడు. ఆయన పోయాక ఫ్యాక్టరీవాళ్లు అత్తకు రుచి చూసే గదిలో పని ఇచ్చారు. పొడవాటి బల్ల మీద వరసగా తెల్ల కప్పులు, ఒక్కో కప్పులో ఒక్కో రకం టీ. రుచి చూసేవాళ్లు చెంచాతో జుర్రుమని పీల్చి, నోట్లో తిప్పి, ఉమ్మేసి, ఒక మాట చెప్పి ముందుకు జరుగుతారు. వాళ్లు వెళ్లాక కప్పులు కడగడం అత్త పని. కడిగే ముందు ప్రతి కప్పులో మిగిలినదాన్ని ఆమె కూడా ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. వాళ్లు చెప్పిన మాటకూ తనకు తగిలిన రుచికీ జత కలుపుకునేది. అలా పదేళ్లు గడిచాక, రుచి చూసేవాళ్లలో పెద్దాయనకు ఏ కప్పు మీదైనా అనుమానం వస్తే అత్తను పిలిచి నువ్వు చెప్పమ్మా అని అడిగేవాడట.

ఆ నాలుక కోసం ఆమె చాలా వదులుకుంది. మధ్యాహ్నం దాకా ఊరగాయ ముట్టేది కాదు. పెళ్లిళ్లలో వక్కాకు ఇస్తే కొంగున కట్టుకుని తెచ్చి ఎవరికో ఇచ్చేసేది. మా ఇంటికి వస్తే అమ్మ పెట్టిన చారు ఒక్క గుక్క తాగి, చింతపండు నిరుటిది అనేది. అమ్మ మొహం మాడ్చుకునేది. చింతపండు మాత్రం నిరుటిదే.

పెద్దాయన రిటైరయ్యాక ఒక కొత్త యువకుడు వచ్చాడు. పొడి కొనేవాళ్లకూ ఫ్యాక్టరీకీ మధ్య బేరాలు నడిపేవాడు. ఒకసారి కలపడానికి అతను బయటి నుంచి తెచ్చిన సరుకులో రంగు కలిసిందని అత్త చెప్పింది. కప్పులు కడిగేదానికి నాలుకేంటి అని అతను అందరి ముందూ నవ్వాడు. సరుకు వెళ్లింది. కొన్నవాళ్లు తిప్పి పంపారు. అప్పుడతను కొంచెం కూడా తడబడకుండా, శాంపిల్ కప్పులు ఈమే మార్చేసిందని చెప్పాడు. మేనేజరు అతన్ని నమ్మి, అప్పటికప్పుడు అత్తను పనిలోంచి తీసేశాడు. అత్త మధ్యాహ్నం భోజనం వేళ గేటు బయట నిలబడింది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయని నాతో ఎన్నిసార్లు చెప్పిందో.

తర్వాత బంగారుపాళ్యం వచ్చి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనిలో చేరింది. ఆమె వాసన చూసి పక్కన పెట్టిన కాయను ఎవరూ మళ్లీ బుట్టలో వేసేవారు కాదు. అంత గౌరవం దక్కినా ఆ యువకుడి పేరు ఆమె నోట మళ్లీ రాలేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను.

తిరుపతిలో కాలేజీల దగ్గర నాకొక చిన్న కాఫీ కొట్టు ఉంది. రెండేళ్ల కిందట, ఒకరినొకరు దోస్తీగా మచ్చా అని పిలుచుకునే కుర్రాళ్లంతా వచ్చి మాచా అడగడం మొదలుపెట్టారు. జపాన్ ఆకుపచ్చ టీ పొడి అది. నీడలో పెంచిన లేత ఆకును ఆరబెట్టి, రాతి తిరగలిలో మెత్తగా విసురుతారు. వడగట్టే పని లేదు, పొడినే నీళ్లలో గిలక్కొట్టి తాగేస్తారు. చిత్తూరు ఏజెన్సీలో డబ్బాలు కొన్నాను. వారం తిరక్కుండా, ఇది తాగితే నోరంతా పచ్చగా అవుతోందని ఒకమ్మాయి నా మొహం మీదే చెప్పి వెళ్లిపోయింది. మెల్లగా మిగతావాళ్లూ రావడం మానేశారు. అత్తను రమ్మన్నాను.

ఆమె మాచా పేరు వినడం అదే మొదలు. బెంగళూరు నుంచి మంచి డబ్బా ఒకటి తెప్పించమంది. రెండూ పక్కపక్కన పెట్టి, వేలితో పొడి అద్ది తెల్ల కాగితం మీద గీసింది. మంచిది కాటుక గీతలా నున్నగా సాగింది. చిత్తూరుది గరుగ్గా మధ్యలోనే తెగింది. మరిగే నీళ్లు పోయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది, కాసేపు చల్లారనివ్వమంది. మంచి పొడి కలిపితే సన్నటి నురుగు వచ్చింది. ముందు ఉడికిన పచ్చి బఠాణీ వాసన, నాలుక మీద పప్పుకట్టు లాంటి కమ్మదనం, ఆఖర్న ఒక చిన్న చేదు. ఆ చేదు పోతూ తీపి వదిలింది. ఆ రుచిని ఇలా ముక్కలుగా విడదీసి తెలుసుకోవడం నాకు ఆమే నేర్పింది. ఇవాళ నా కొట్టు నిలబడి ఉందంటే ఆ మధ్యాహ్నమే కారణం.

రెండో గిన్నె నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఎండుగడ్డి వాసన. దీంట్లో మునగాకు ఉండాది పాపా. రంగు గూడా కలిపినారు."

తడి కాగితం మీద ఆ పొడి చల్లింది. చుట్టూ ఆకుపచ్చ చారలు పాకాయి. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక ఉన్న యజమాని పేరు చదివింది. కూనూరులో తన పని పోగొట్టిన యువకుడి పేరే అది.

"ఈయప్ప ఇంకా రంగే అమ్ముకుంటా ఉండాడా" అంది.

నేను ఫిర్యాదు చేద్దామన్నాను. ఆమె వద్దంది. తన సరుకు కల్తీదని అతను తన నోటితోనే చెప్పాలంది.

మూడు వారాల తర్వాత అతను తిరుపతిలో ఒక హోటల్ హాల్లో తన మాచా కొనే కొట్లవాళ్లందరినీ పిలిచి సభ పెట్టాడు. తల నెరిసింది, మాట మాత్రం నున్నగా ఉంది. నలభై ఏళ్ల అనుభవమని, కళ్లు మూసుకుని పొడి గుర్తుపడతానని చెప్పుకున్నాడు. అత్త నా పక్కన నేత చీరలో కూర్చుని వింటోంది. ఆ మాట రాగానే లేచింది. మేము తెచ్చిన రెండు గిన్నెలు బల్ల మీద పెట్టి, వీటిలో మీ సరుకేదో చెప్పమని మర్యాదగా అడిగింది. అంతమంది ముందు కాదనలేకపోయాడు. రెండూ తాగి, బెంగళూరు పొడి ఉన్న గిన్నె చూపించాడు. ఇంత కమ్మగా ఉండేది నాదేనన్నాడు. రెండోది ఎవరో కల్తీగాళ్లదని కూడా అన్నాడు.

అత్త ఆయన డబ్బా సీలు అందరి ముందూ విప్పి, తడి కాగితం మీద పొడి చల్లి, పైకెత్తి పట్టుకుంది. పచ్చ నీళ్లు ఆమె మణికట్టు మీదుగా కారాయి. హాల్లో కుర్చీలు జరిగాయి.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"కూనూర్లో మీ కప్పులు కడిగినానప్పా."

ఆయన గుర్తుపట్టాడు. ఆ ముఖంలో రంగు దిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కడుపు నిండుతుంది. ఆ వారమే అందరూ డబ్బాలు తిప్పి పంపారు. కొన్నాళ్లకు ఏజెన్సీ మూతపడింది.

ఊరికి తిరిగి వెళ్లే బస్సులో అడిగాను, ఇప్పుడు మనసు చల్లబడిందా అత్తా అని. ఆమె కిటికీలోంచి చూస్తూ, "సల్లబడేదానికి అదేమన్నా టీనా పాపా" అంది. తనను గేటు బయట నిలబెట్టినోడు తన పని గురించి ఒక్క మంచి మాట చెప్పలేదు, చెప్పడు కూడా అంది. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాట. అది వినకుండానే ఆమె పోయింది.

పదకొండో రోజు దినానికి ఆ చిత్తూరాయన వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. షామియానా కింద మా బంధువుల మధ్య కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లతో మెల్లగా చెబుతున్నాడు. అంత మంచి నాలుక తన జీవితంలో చూడలేదట. అప్పట్లో తను తప్పు చేశాడట. మా నాయన తల దించుకుని వింటున్నాడు. బంధువులు పాపం అన్నట్టు చూస్తున్నారు.

నేను కాఫీ పళ్లెం పట్టుకుని ఆ వరసలోకి వచ్చాను. ఆయనకు ఎడమ పక్కనున్న వ్యక్తికి గ్లాసు ఇచ్చాను. ఆయన చెయ్యి చాచాడు. చాచిన చేతి మీదుగా పళ్లెం జరిపి, కుడి పక్కనున్న ఆమెకు ఇచ్చి ముందుకు పోయాను. వరస చివరికి చేరి వెనక్కి చూస్తే, అందరూ గ్లాసులు ఊదుకుంటూ తాగుతున్నారు. ఆయన మాత్రం రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లించి, పక్కవాళ్ల గ్లాసుల్లోంచి లేస్తున్న కాఫీ ఆవిర్లను చూస్తూ కూర్చున్నాడు.