కాక ఏ సీసాల్లో పోశారో

"కాక పోయిండక్కా" అని ల్యాబులో నాతో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను గోదావరిఖని మార్కెట్లో కూరగాయలు కొంటున్నాను. "ఏ కాక?" అన్నాను. మా బొగ్గు ల్యాబులో అందరం కాక అని పిలిచేది ఒక్కరినే. అయినా అట్లా ఎందుకడిగానో నాకే తెలియదు. శనివారం మామూలుగా ఇంటికి వెళ్లిన మనిషి, ఆదివారం దవాఖానలో గుండెపోటుతో పోయారట.

బొగ్గు పొడిని కాల్చి, మిగిలిన బూడిద తూచి, అది ఏ గ్రేడో చెప్పడం మా పని. మాలో పెద్దాయన కాక. పొడిని సీసాల్లో పోసి, నంబర్లు వేసి మాకిచ్చేవారు. అప్పుడప్పుడు ఒకే బొగ్గును రెండు సీసాల్లో పోసి వేర్వేరు నంబర్లు వేసేవారు. ఆ రెండు సీసాలు ఏవో ఎక్కడా రాసేవారు కాదు, సాయంత్రం దాకా చెప్పేవారూ కాదు. రెండింటికీ లెక్క కలిస్తే చాయ్ ఆయనదే. కలవకపోతే రిపోర్టు ఆపి, మళ్లీ మొదటి నుంచి చేయించేవారు.

నాకు ఒళ్లు మండేది. "మేం దొంగలమా కాకా, గిట్ల పరీక్ష పెడ్తవు?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"దొంగవైతే గేటుకాడనే పట్టుకుందురు బిడ్డా. నువ్వు మంచిగనే చేస్తవు. మంచిగ చేసినవని నీకెట్ల ఎరుక?" అన్నారు నవ్వుతూ. నాకు ఇంకా కోపమొచ్చింది.

మొన్నామధ్య ఒక ఆఫీసరు వచ్చి, ఈ రెండు సీసాల పరీక్షల వల్ల ఏం మేలు జరిగిందో చూపించమన్నారు. "మీ రిపోర్టుల్లో తప్పులే లేవు కదా!" అని కూడా అన్నారు.

"బయటికి పోని తప్పును యాడికెల్లి తెచ్చి చూపియ్యాలె సార్?" అని కాక తల గోక్కున్నారు. ఆఫీసరు వెళ్లాక నాతో, "నిజంగనే గిది ఎట్ల కొలుస్తరే? నాక్కూడ సమజైతలేదు" అన్నారు. తెలియనిది తెలియదనే ఆ మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం.

సోమవారం డ్యూటీకి వెళ్తే, శనివారం ఆయన నింపిన సీసాలు బల్ల మీదే ఉన్నాయి. కాసేపు ఏడ్చి, పని మొదలుపెట్టాను. సాయంత్రానికి రెండు సీసాల లెక్క దగ్గరదగ్గరగా వచ్చింది, కానీ కలవలేదు. అవి ఒకే బొగ్గయితే నేను తప్పు చేసినట్టు. వేర్వేరయితే నా లెక్క సరే. అసలు ఆ రోజు కాక అట్లా పోశారో లేదో కూడా తెలియదు. మీరే చెప్పండి, ఎవరినడగాలి? రిపోర్టు పంపమని పైనుంచి ఒకటే ఫోన్లు.

"పంపుదామా అక్కా?" అంది ఆ అమ్మాయి.

"ఆగే. ఆ రెండు ఏవో కాక ఇంకా చెప్పలే" అన్నాను.

నా మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. తర్వాత బొగ్గు కాల్చే ఫర్నేసు మళ్లీ ఆన్ చేసి, ఆ రెండు సీసాలూ ముందు పెట్టుకుని, అది వేడెక్కేదాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.