నర్సమ్మత్తతో ఓడ ప్రయాణం

వార్డు వరండా ఫినాయిల్ వేసి తుడుస్తున్నారు. కరెంటు పోయి బయట జనరేటరు నడుస్తోంది. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలేసరికి నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఎంత నెత్తురు చూసినా చలించని దాన్ని. ఫినాయిలూ డీజిలూ కలిసిన వాసన వస్తే మాత్రం ఇప్పటికీ తల దించుకుంటాను. పోర్ట్‌బ్లెయిర్ నుంచి విశాఖపట్నం పోయే ఓడలో, అడుగున ఒకే హాల్లో పైనా కిందా పడకలుండే బంక్ క్లాసు వాసన అది. అది గుర్తొస్తే నర్సమ్మత్త గుర్తొస్తుంది. ఆవిడ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఆవిడ పూర్తి పేరు అప్పలనరసమ్మ. పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లో మా వెనక వీధిలో ఉండేది. భర్త కలప కోసే చాతం సామిల్లులో పనిచేసేవాడు. భీమిలి పక్కన ఊళ్ళో మంచం పట్టిన తల్లిని చూసుకోవడానికి ఏటా ఓడెక్కేది. మా వీధుల్లో తెలుగువాళ్ళూ బెంగాలీలూ తమిళులూ అందరికీ ఆవిడ దీదీయే. ఎవరికి ఓడ టిక్కెట్టు దొరికినా ముందు ఆవిడ గుమ్మం దగ్గరికే వచ్చేవారు. "బంకు ఓడకి నడిమధ్యన తీసుకో, కిందది తీసుకో. ముందు వైపు పడుకున్నావా, ఉయ్యాల్లో ఏసి ఊపినట్టుంటాది. మాత్ర ఓడ కదిలాక కాదురా భయ్యా, కదలక ముందు మింగాల. సాంబారు మొదటి రోజే తినీ, మూడో రోజుకది రసమైపోతాది. కక్కొస్తే గాలెటునుంచొస్తందో సూసి మరీ కక్కు, లేపోతే నీది నీ మొహానికే తిరిగొస్తాది." ఇదంతా చెప్పి, చివర రొమ్ము విరుచుకుని ఒక మాట అనేది: "నాకు మాత్రం ఒక్కపాలి కూడా కడుపులో తిప్పలేదు." ఆవిడకున్న గొప్పంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది.

మా నాన్నకి ఆ సలహాలంటే ఒళ్ళుమంట. నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి దీవుల్లో స్థిరపడ్డవాళ్ళం. నాకు విశాఖపట్నంలో నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది. మా వీధిలో ఏ ఆడపిల్లకీ అంతవరకు రాలేదు. దింపి రావడానికి నాన్న బయల్దేరాడు. అదే ఓడకి నర్సమ్మత్త కూడా వెళుతోంది. మాత్రలు తెచ్చి ఇస్తే నాన్న నవ్వాడు. "అక్కా, గంగమ్మ ఒళ్ళో బతికేవోళ్ళం. మాకు సముద్రం మందేటి?" అన్నాడు. ఆ మాటలో ఒక చిక్కుంది, అది ఎవరికీ తట్టలేదు. మా వాళ్ళలో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు, ఎక్కనివ్వరు. చాతం నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కి దాటే ఫెర్రీ తప్ప నాకు సముద్రమే తెలీదు. నాన్నకేమో పైన ఆకాశం ఉన్న పడవ తెలుసు గానీ, కిటికీ లేని ఓడ కడుపు తెలీదు. పట్టుబట్టి ముందు వైపు పై బంకు తీసుకున్నాడు. బలంగా ఉండాలని బయల్దేరే ముందు నా చేత నిండుగా చేపల పులుసన్నం తినిపించాడు.

దీవులు కనుమరుగయ్యాక ఓడ ఊగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత జరిగింది రాయాలంటే ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. బకెట్టు అందుకునేంత వ్యవధి లేదు. పై బంకు మీంచి నా పులుసంతా కింద బంకులో పడుకున్న ఒక పెద్దాయన తెల్ల పంచె మీద పడింది. ఆయన ఆమడ దూరం గెంతాడు. హాలంతా ముక్కులు మూసుకుంది. ఎవరో నన్ను చేపలదాన్ని చేసి "మచ్లీవాలీ" అన్నారు, ఇంకెవరో కిసుక్కున నవ్వారు. నర్సమ్మత్త మాత్రం చీర కుచ్చిళ్ళు దోపుకుని బకెట్టుతో వచ్చి, హాలంతా వినబడేలా అరిచింది. "ఏటలా సూస్తన్నారు? మీ అమ్మ కడుపులోంచి ఓడెక్కడం నేర్సుకునొచ్చినారేటి?" ఆ అరుపుకి నాకు ఇంకా సిగ్గేసింది. మెల్లగా తుడిచిపోతే బావుండును కదా, ఇలా చాటింపు వెయ్యాలా అని ఆవిణ్ణే తిట్టుకున్నాను. ఆవిడ నన్ను కిందికి దింపి తన బంకులో పడుకోబెట్టి, నోట్లో నిమ్మకాయ ఊరగాయ ముక్క పెట్టింది.

నాన్న ఏడీ అని చూస్తే లేడు. పైన తెలిసినవాళ్ళున్నారని చెప్పి వెళ్ళాడట. మర్నాడు పొద్దున అత్త నన్ను గాలికి డెక్కు మీదికి తీసుకెళ్ళింది. లైఫ్ బోటు చాటున ఒక మనిషి రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, వంగి, పేగులు బయటికొచ్చేలా ఓకరిస్తున్నాడు. లుంగీ తడిసిపోయి ఉంది. తుపానులో పడవ ఒడ్డుకి తెచ్చాడని అందరూ చెప్పుకునే మనిషి. మా నాన్న. నేను "నాన్నా" అనబోయాను. అత్త నా నోటి మీద చెయ్యేసి వెనక్కి లాగేసింది.

"నువ్వేటీ సూడ్లేదు," అంది మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది. "వేటగాడికి ఈ ఓడ పడకపోడం నేను శానామందిలో సూసినాను. సెప్పుకోరు. సావనైనా సస్తారు గానీ సెప్పుకోరు."

కాస్త దూరం వచ్చాక గొంతెత్తింది. "ఓ తమ్ముడూ! ఎక్కడున్నావురా? నా మూట డెక్కు మీదెట్టినాను, ఎవులో ఒకరు కాపలా ఉండాల!" నాన్న మొహం తుడుచుకుని వచ్చాడు. ఆ మూట ఓడకి నడిమధ్యన, గాలి తగిలేచోట పెట్టి ఉంది. అందులో మరమరాలూ, వేయించిన శనగలూ తప్ప ఏమీ లేవు. "ఆకలేస్తే తినీ, బరువు తగ్గుతాది," అని వచ్చేసింది. మిగిలిన ప్రయాణమంతా నాన్న దాని పక్కనే ఆకాశం అంచుని చూస్తూ కూచున్నాడు. నేను దగ్గరికి వెళితే మొహం తిప్పుకునేవాడు. ఎవరిని చూసి ఎవరు సిగ్గుపడుతున్నారో తెలియని ప్రయాణం అది.

విశాఖ కొండ కనబడింది. అందరూ పెట్టెలు కట్టుకుంటున్నారు. అప్పుడు నాన్న హాల్లోకి వచ్చి, అందరూ వింటూండగా అన్నాడు: "అక్కా, ఇదే ఓడకి గుంటని ఎనక్కి తీసుకుపోతాను. దానికి ఓడ పడదు. ఏటా సెలవులకి ఎలాగొస్తాది? ట్రైనింగూ వొద్దు ఏటీ వొద్దు."

నా సీటు పోతోంది. నాకు పడకపోవడం వల్ల కాదు. ఏటా నన్ను తేవడానికీ దింపడానికీ నాన్న ఓడెక్కాలి, ఇంకెవరున్నారు? ఆ మాట చెప్పలేక నా వాంతిని అడ్డం పెట్టుకుంటున్నాడు. నిజం నా నాలిక చివరిదాకా వచ్చింది. అందరి ముందూ అంటే మా నాన్న ఇక తలెత్తలేడు. అనకపోతే నేను రేపటి నుంచి చేపల తట్ట ఎత్తాలి. అత్త వైపు చూశాను.

ఆవిడ బంకు మీద కూలబడింది. "నీ కూతురి మాటెందుకు తమ్ముడూ," అంది, పెద్దగా, హాలంతా వినేలా. "ఈ పాలి నాకే పడలేదు. నిన్న రేతిరి అందరూ పడుకున్నాక పేగులు కక్కినాను. ఈ గుంటే బకెట్టు పట్టింది."

హాలంతా గొల్లున నవ్వింది. "క్యా దీదీ! ఆప్ భీ? మీకు కూడానా?" అని ఎవరో చప్పట్లు కొట్టారు. పంచె పాడైన పెద్దాయనైతే కడుపు పట్టుకుని నవ్వాడు. ఆవిడ మొహం ఎర్రబడింది, కానీ ఆగలేదు. "వయసైపోనాది. ఇంక ఒంటిగా రాలేను. సెలవులకి దీన్ని నాకు తోడుగా అంపీ. నేను తెస్తాను, నేనే దింపుతాను. నువ్వు నీ వేట మానుకుని రానక్కర్నేదు."

నాన్న ఆవిడ మొహంలోకి చూశాడు. "నీ అంత దానికే పడలేదంటే, ఇంక గుంటనేటంటాను," అన్నాడు. తర్వాత వంగి నా పెట్టె ఎత్తుకున్నాడు. ఆ సాయంత్రమే నన్ను ట్రైనింగు స్కూలు గుమ్మం దగ్గర దింపాడు. నేను సంతోషించాలి కదా. తల ఎత్తలేకపోయాను.

ఆ తర్వాత సెలవులన్నిటికీ అత్తతోనే వచ్చాను, అత్తతోనే పోయాను. ఓడ కబురు ఓడ కంటే ముందే వీధుల్లోకి చేరింది. ఆవిడ గుమ్మం దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. బంక్ క్లాసులో ఎవరికైనా ఏదైనా చెప్పబోతే, "ముందు మీరు బకెట్టు తెచ్చుకున్నారా దీదీ?" అనేవారు. ఆవిడ నవ్వేసి నోరు మూసుకునేది. ఓసారి నేను తట్టుకోలేక ఏడ్చాను. "నిజం చెప్పేస్తాను అత్తా," అన్నాను. "ఎవులికి సెప్తావే? నీ అయ్య సిగ్గు నా మూటలో ఏసీసుకున్నాను. బరువేటీ నేదు, పడుకో," అని దుప్పటి కప్పింది. బరువు లేదన్న మాట నేనెప్పుడూ నమ్మలేదు. శనగలు నాకు పెడుతూ ఆవిడ సముద్రం వైపు చూసే చూపు నేను చూశాను.

ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి నాన్న మంచం పట్టాడు. నేనే చూసుకున్నాను. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ పాలి ఓడలో అక్కకి నిజంగానే పడలేదా?"

కళ్ళల్లోకి చూసి అడిగాడు. నేను చెంచా గిన్నెలో పెట్టాను.

"నిజంగానే నాన్నా. బకెట్టు పట్టింది నేనే కదా."

నాన్న నా మొహంలో ఏదో వెతికాడు. తర్వాత కళ్ళు మూసుకుని, "పాపం," అన్నాడు. "శానా మాటలు పడింది." మూసిన కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. నేను చూడనట్టే గంజి కలుపుతూ కూచున్నాను.