సాత్తూరులో దిగిన పిల్ల

ఆ పిల్లను దేవుడే పంపించాడంటారు మా ఇంట్లో. ఒట్టి మాట! నర్సింగ్ ఆఖరి పరీక్ష రాయడానికి కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కిందా పిల్ల.

"రెండు తూర్లు తప్పితి అక్కా. ఈ తూరి విడిచేది లేదు," అంది నా పక్కన కూర్చుని.

"సూది గుచ్చేదానికి ఇన్ని పరీచ్చలా?" అని వెక్కిరించాను. నవ్వేసింది.

సాత్తూరులో, నాతో వస్తున్న మా అత్తకు స్పృహ తప్పింది. ఆ పిల్లే బస్సు ఆపించి, అత్తను దింపి, పడుకోబెట్టి, నాడి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి అత్త కళ్లు తెరిచింది.

"ఇంక బయం లేదక్కా. ఈ బస్సు విడిస్తే నా పరీచ్చ పోయినట్టే."

"ఆటో వచ్చేదాకా ఉండవే!" అంటూ ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. బస్సు కదిలినా వదల్లేదు. ఆ పిల్ల రెండో చేత్తో అత్త కొంగు సర్దింది.

అత్త ఇప్పటికీ నాతో పోట్లాడేంత గట్టిగా ఉంది. ఆ పిల్ల మళ్లీ పరీక్షకు కూర్చుందా?